నత్తోడి కూత

నేను ఒక రాతి రోలరుని. రోలుని కాదు, రోలరుని. ఈ తేడా ముందే చెప్పుకోవడం మంచిది. ఒకసారి మా బడికి కొత్తగా వచ్చిన తెలుగు పండితులవారు నన్ను చూసి "ఇంత రోట్లో పిండి రుబ్బేది ఏ హిడింబిరా?" అని పిల్లలందర్నీ నవ్వించారు. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకుందని సామెత. నా మొర వినడానికి ఆ మద్దెల కూడా లేదు. అందుకని మీతో చెప్పుకుంటున్నాను.

నన్ను చెక్కింది వడ్డెర మొగుడూ పెళ్ళాలు. ఆమె ఉలి పట్టుకుంటే అతను సుత్తి వేసేవాడు. మధ్యమధ్యలో పోట్లాడుకునేవాళ్ళు. పోట్లాట ముదిరితే దెబ్బ నా మీద గట్టిగా పడేది. అందుకే ఒక పక్క నా ఒళ్ళంతా గుంటలు. తర్వాత కమ్మరి వచ్చి నాకు ఇనుప ఇరుసు దిగగొట్టి, లాగడానికి చట్రం బిగించాడు. కొన్నేళ్ళు ఎడ్లు నన్ను కంకర రోడ్ల మీద ఈడ్చాయి. ఇంజను రోలరు వచ్చాక కంట్రాక్టరు నన్ను కొణికలూరు దగ్గర రోడ్డు వారన వదిలేసి తన దారిన తాను పోయాడు. ఎవరిదీ కాని వస్తువుని దానం చేయడం మహా సులువు. ఊరి ప్రెసిడెంటుగారు నన్ను హైస్కూలుకి దానం చేసి, నా ఒంటి మీద ఎర్ర రంగుతో తన పేరు రాయించుకున్నారు. రాయించింది దొర్లే చోటన్న సంగతి ఆయనకి తట్టలేదు. మొదటి రోజే ఆ పేరు మట్టిలో కలిసిపోయింది.

అక్కడ నా పని చెడుగుడు కోర్టుని చదును చేయడం. ఎర్రమట్టీ ఇసకా కలిపి పోసి, నీళ్ళు చల్లి, తడి ఆరీ ఆరకముందే నన్ను దొర్లించేవాళ్ళు. దొర్లించేది ఎవరు? బడికి ఆలస్యంగా వచ్చినవాళ్ళు, లెక్కలు చేయనివాళ్ళు, మాష్టార్లకి ఎదురు చెప్పినవాళ్ళు. పిల్లలకి నేనంటే శిక్ష. నన్ను చూసి ముఖం చిట్లించని పిల్లాడు ఆ బడిలో లేడు. అయినా సాయంత్రం ఆట మొదలైతే నా మీదే ఎక్కి కూర్చునేవాళ్ళు. కోర్టుకి అంత దగ్గరగా ఇంకో ఆసనం లేదు మరి.

ఒకరు లాగితే గానీ కదలని దానివి, కూతగాళ్ళ గురించి నువ్వేం చెప్తావు అంటారేమో. పరుగెత్తేవాడి విలువ పరుగెత్తలేని దానికే బాగా తెలుస్తుంది. పైగా వాళ్ళ అడుగులు పడిన మట్టి నా ఒంటి కింద నలిగిందే. ఎవరి అడుగు తేలికో, ఎవరి అడుగు మడమ మీద పడుతుందో నాకు తెలిసినట్టు మనుషులకేం తెలుసు?

నాగుల్ మీరాని చూశాను. కూతకు వెళ్తున్నవాడిలా ఉండేవాడు కాదు, అత్తారింటి పెరట్లో పచార్లు చేస్తున్నవాడిలా ఉండేవాడు. ఒకణ్ణి చూసేవాడు, ఇంకొకణ్ణి ముట్టుకునేవాడు. వాడు మధ్య గీత దాటి వచ్చేసి చెమట తుడుచుకుంటూంటే, అవతలివాళ్ళు ఇంకా వాడు నిలబడ్డ చోటికేసి చూస్తూ కాచుకుని ఉండేవాళ్ళు. తర్వాత ఆర్టీసీలో కండక్టరయ్యాడు. కిక్కిరిసిన బస్సులో ఒక్కర్నీ తగలకుండా టిక్కెట్లు కొట్టుకుంటూ పోతాడని జనం చెప్పుకునేవాళ్ళు. సుందరపాల్‌ని చూశాను. పొడుగాటి మనిషి. ముఖం మన వైపు ఉండగానే వాడి కాలు వెనక నిలబడ్డవాడి భుజాన్ని తాకి వచ్చేసేది. ఆ కాలిని గొడ్డు తొక్కింది. అక్కడితో వాడి ఆట సరి. వీళ్ళని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఉత్సాహంగా ఉంటుంది.

మూడోవాణ్ణి తలుచుకుంటే మాత్రం బాధ.

వాడి పేరు అంకమ్మరావు. బళ్ళో అందరూ నత్తోడు అనేవాళ్ళు. ఆలస్యంగా వచ్చిన రోజున హెడ్మాష్టరు "ఎందుకు లేటు?" అని అడిగితే, వాడి నోటి వెంట మాట రావడానికి పట్టే వ్యవధి ఆయన దగ్గర లేదు. జవాబు చెప్పకపోవడం పొగరు కింద జమైంది. పోయి రోలరు లాగమన్నారు. మర్నాడూ అదే ప్రశ్న, మళ్ళీ అదే మౌనం. అట్లా వాడు ఇంచుమించు రోజూ నన్ను లాగాడు. మాట రానందుకు వేసిన ఆ శిక్షతో వాడి తొడలు టేకు దుంగల్లా తయారయ్యాయి. హెడ్మాష్టరుగారికి ఆ సంగతి తెలిస్తే ఇంకేదైనా శిక్ష వేసేవారు.

తెలిసింది డ్రిల్లు మాష్టారు పరంధామయ్యగారికి. వయసులో నా ముందు అందరూ పిల్లకాయలే, అయినా ఆయన్ని గారూ అనకుండా ఉండలేను. సన్నగా, నిటారుగా ఉండే మనిషి. అంపైరుగా నిలబడితే సొంత బడి పిల్లల్ని కూడా ఔట్ ఇచ్చేసేవారు. మా పిల్లలు ఆయన్ని చాటుగా హరిశ్చంద్రుడనేవాళ్ళు. పక్క ఊళ్ళవాళ్ళు ఎదురుగానే అనేవాళ్ళు. ఒక సాయంత్రం ఆయన నన్ను ఈడుస్తున్న అంకమ్మరావుని చూసి, చొక్కా విప్పించి కోర్టులోకి తోశారు.

వాడు గీత దగ్గర వంగి మట్టి కళ్ళకద్దుకుని కూతకు బయల్దేరాడు. "చెడుగుడు చెడుగుడు చెడుగుడు..." ఒక్క అక్షరం తడబడలేదు. ఆ నోటి నుంచి అంత ధారగా మాట రావడం ఎవరూ వినలేదు. తన పేరు చెప్పడానికే గింజుకునేవాడు కూతలో ఉన్నంతసేపూ నత్తి ఎరగడు. వాళ్ళ పేటలో పొగాకు కోతలయ్యాక ఖాళీ చేలల్లో పెద్దవాళ్ళతో ఆడి నేర్చుకున్న కూత అది. ఎంతకీ తెగేది కాదు. నలుగురు పట్టుకున్నా వాళ్ళని వేలాడేసుకుని గీత వైపు నడిచి వచ్చేవాడు. నన్ను లాగినవాడికి నలుగురు పిల్లలు ఒక లెక్కా?

వాడి ఇంటికి వెళ్ళి మాట్లాడి వచ్చాక మాష్టారికి ఒక ఆశ పుట్టింది. జిల్లా పోటీల్లో బాగా ఆడితే వాణ్ణి స్పోర్ట్స్ హాస్టల్లో వేసుకుంటారు. అక్కడ తిండి, బట్ట, చదువు అన్నీ వాళ్ళవే. ఆ తర్వాత పోలీసు టీములోనో రైల్వే టీములోనో ఉద్యోగం. మాట రాని పిల్లాడికి ఇంకెవడిస్తాడు ఉద్యోగం? ఇదొక్కటే దారి అని ఆయన నమ్మారు. వాడూ నమ్మాడు.

అయితే అప్పటికే రూలు మారింది. పోటీల్లో చెడుగుడు చెల్లదు. కూతకు వెళ్ళినవాడు "కబడ్డీ" అనే అనాలి, తెగకుండా అనాలి, వినబడేటట్టు అనాలి. ఇంకే మాటన్నా కూత తప్పినట్టే. మిగతా పిల్లలకి అది చిటికెలో పని. అంకమ్మరావుకి 'క' అనే అక్షరమే కొండ. వాడి నత్తికి అన్ని అక్షరాలూ అడ్డే గానీ, 'క' దగ్గర మాత్రం గొంతుకి తాళం పడేది.

"చెప్పరా అంకా. క."

"క్... క్... క్..."

"పోనీ, నవ్వుతూ అను."

"క్... క్..."

మాష్టారు తేనె నాకించారు, వస పోశారు, నాలుక కింద గులకరాయి పెట్టించారు. ఆయనకి తెలిసిన వైద్యమంతా అయిపోయింది. చివరికి విసుగెత్తి "పో, పోయి కోర్టు తొక్కించు" అన్నారు. వాడు నన్ను లాగడం మొదలుపెట్టాడు. నూనె ఎరగని నా ఇరుసు కిర్రు... కిర్రు... మంటోంది. ఆ చప్పుడుకి తగ్గట్టు వాడు అడుగు వేస్తూ, అడుక్కొకటిగా అన్నాడు: "కబడ్డీ. కబడ్డీ. కబడ్డీ." మాష్టారు కూర్చున్నచోటు నుంచి లేచి నిలబడ్డారు. ఆ రోజు నుంచి నా ఇరుసుకి ఎవరూ నూనె పెట్టకూడదని ఆయన ఆజ్ఞ. నా జీవితంలో నేను చేసిన గొప్ప పని ఏదైనా ఉంటే ఇదే.

జిల్లా పోటీలు మా గ్రౌండులోనే జరిగాయి. ఫైనల్లో సముద్రం వైపు నుంచి వచ్చిన బడితో మా వాళ్ళు తలపడ్డారు. హాస్టలు తరఫున పిల్లల్ని ఎంచడానికి ఇద్దరు పెద్దమనుషులు జీపులో వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. మొదటి నుంచీ అంకమ్మరావు చక్కగా ఆడాడు. నన్ను లాగుతున్నట్టే తల కాస్త ఊపుకుంటూ, ఆ లయలోనే "కబడ్డీ, కబడ్డీ" అంటూ వెళ్ళి వచ్చాడు. కుర్చీల్లో వాళ్ళు ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకున్నారు. మాష్టారు లైను పక్కన చేతులు నలుపుకుంటూ తిరిగారు.

చివరికి స్కోరు సమానమై ఒక్క కూత మిగిలింది. వాడే వెళ్ళాడు. ఒకణ్ణి ముట్టుకున్నాడు. తిరగబోతుంటే చీలమండ దొరకబుచ్చుకున్నారు. ఆ మీద ఒకడు నడుము, ఒకడు మెడ, చివరికి జట్టంతా మీద పడింది. జనం లేచి నిలబడి అరుస్తున్నారు. వాడు మోకాళ్ళ మీద, తర్వాత మోచేతుల మీద, అంతమందినీ ఈడ్చుకుంటూ గీత వైపు పాకాడు. ముఖం మట్టిలో ఉంది. కూత మాత్రం ఆగలేదు. చెయ్యి చాపాడు. వేళ్ళు గీత అవతల పడ్డాయి.

అంపైరు చెయ్యి ఎత్తబోతుండగానే అవతలి జట్టు గోల పెట్టింది. "కూత తప్పాడు సార్! చెడుగుడు అన్నాడు సార్!"

మా వాళ్ళు తిరిగి అరిచారు. కుర్రవాడైన ఆ అంపైరు గీత మీదే కళ్ళు పెట్టుకుని ఉన్నాడు. జనం గోలలో ఏమీ వినలేదు. అతనికి తోచింది ఒక్కటే. "పరంధామయ్యగారు పక్కనే ఉన్నారు. మాష్టారూ, మీరేం విన్నారు?"

అవతలి జట్టు మాష్టారు కూడా "ఆయన చెప్తే మాకు సమ్మతమే" అన్నాడు. చూశారా, మంచి పేరు ఎంత చెడ్డదో!

మాష్టారు నా పక్కనే నిలబడి ఉన్నారు. ఆయన విన్నారు, నేనూ విన్నాను. ఊపిరి ఆఖరికి వచ్చేసరికి నేర్చుకున్న మాట పోయి, వాళ్ళ పేట చేలల్లో పుట్టిన మాట వచ్చేసింది. వాడు అనుకోకుండానే వచ్చింది. అంకమ్మరావు మట్టిలోంచి తల ఎత్తి మాష్టారిని చూశాడు. "సా... సా... సా..." అంటూ ఏదో చెప్పబోయాడు. అది పూర్తయ్యేదాకా ఆగేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

"చెడుగుడు అన్నాడు" అన్నారు మాష్టారు. గొంతు ఎంత చిన్నదైపోయిందంటే, అంపైరు ఇంకోసారి అడగాల్సి వచ్చింది.

ఎంచడానికి వచ్చినవాళ్ళు అవతలి జట్టులో ఇద్దర్ని ఎంచుకున్నారు. "మీవాడు బలశాలే గానీ, కూత నిలవనివాణ్ణి పైకి తీసుకుపోయి ఏం చేసుకుంటాం?" అని మాష్టారి భుజం తట్టి జీపెక్కారు. జనం పోయాక, కోర్టంతా గోళ్ళతో గీరినట్టు అయిపోయి ఉంటే, అంకమ్మరావు వచ్చి నా చట్రం పట్టుకున్నాడు. ఎవరూ శిక్ష వేయలేదు. తను అందర్నీ ఈడ్చిన చోటంతా, పాకిన చోటంతా నన్ను లాగి నున్నగా చేశాడు. మాష్టారు వరండాలో స్తంభాన్ని ఆనుకుని అంతా చూశారు. దగ్గరికి రాలేకపోయారు. మర్నాడు వాడు బడికి రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. పడమటి వైపు ఎక్కడో రాతి పలకలు కోసే మిల్లులో చేరాడని ఎవరో చెప్పారు.

నా సంగతి కూడా ఇక్కడ చెప్పేస్తాను. మట్టి కోర్టులు పోయి పరుపుల్లాంటి నీలం మ్యాట్లు వచ్చాయి. మ్యాటుని నేను తొక్కితే చిరిగి ఊరుకుంటుంది. నా చట్రాన్ని పాత ఇనప సామాన్లవాడికి కాటా వేసి అమ్మేశారు. రాయిని వాడు వద్దన్నాడు. పొక్లెయినుతో నన్ను ప్రహరీ గోడ మూలకి నెట్టేశారు. సాయంత్రం పూట రిటైరైనవాళ్ళు వచ్చి నా మీద కూర్చుంటారు. కళ్ళారా చూసిన కూతగాళ్ళలో ఎవరు గొప్ప అని వాళ్ళకి రోజూ తగువే. ఒకరు నాగుల్ మీరా అంటారు, ఒకరు సుందరపాల్ అంటారు. పరంధామయ్యగారు ఎవరి పేరూ చెప్పరు. తీర్పరి కదా, పక్షపాతం ఉండదని అందరూ మెచ్చుకుంటారు. ఆయన మనసులో ఏముందో నా మీద ఆయన వేళ్ళు ఆడే తీరుని బట్టి నాకు తెలుసు.

ఒక రోజు ఆయన ఒక్కరే ఉండగా ఒకామె భర్తని భుజం మీద ఆనించుకుని గేటు దాటి వచ్చింది. పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్ళి తిరిగి వస్తుంటే, బస్సు కొణికలూరులో ఆగగానే దిగుదామని అతను పట్టుబట్టాడట. అతని ఎముకల గూడు చొక్కాలోంచి కనబడుతోంది. నాలుగు అడుగులకి ఒకసారి ఆగి గాలి పీల్చుకుంటున్నాడు. మాష్టారు గుర్తుపట్టలేదు. అతను ఆయన ఎదురుగా నిలబడి "మా... మా... మా..." అన్నాడు. అప్పుడు గుర్తుపట్టారు.

"ఒరేయ్ అంకా!"

పలకల పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందట. ఆ బడిలో ఎవరికీ లేనంత దమ్మున్నవాడికే ఆ జబ్బు రావాలా? నాకు కన్నీళ్ళుంటే ఏడ్చేదాన్ని. అతని భార్య పేరు సామ్రాజ్యం. మొగుణ్ణి నా మీద కూర్చోబెట్టి, వీపు రాస్తూ అడిగింది. "ఈయన ఇక్కడ చదివాడా అయ్యోరూ? నాకెప్పుడూ చెప్పలా."

"చదవడమేంటమ్మా, ఆడాడు. వీడి కూత చూడ్డానికి పక్కూళ్ళ నుంచి బళ్ళు కట్టుకొచ్చేవాళ్ళు."

ఆమె నమ్మలేదు. "మాటే సరింగా రాదు గదా. ఈయనకి ఆటేంది?"

మాష్టారు చేతికర్ర నాకు ఆనించి, పంచె ఎగ్గట్టారు. మోకాళ్ళు వంగవు, అయినా వంగారు. కాలితో మట్టిలో గీత గీసి, చేతులు చాపి, ఇట్టా వెళ్ళేవాడు, ఇట్టా తల ఊపేవాడు, ఇట్టా పట్టుకున్నారు, ఇట్టా పాకాడు అని ఆ ఆఖరి కూతంతా చేసి చూపించారు. మధ్యలోనే అంకమ్మరావుకి నవ్వొచ్చింది. నవ్వుతో దగ్గు తెర ఎత్తుకుంది. దగ్గు తగ్గేసరికి మాష్టారు ఆయాసపడుతూ వచ్చి పక్కన కూర్చున్నారు.

"అంకా, ఆ రోజు నేను ఊరుకుంటే పోయేదిరా. వినబడలేదంటే సరిపోయేది. నీ బతుకు..."

అంకమ్మరావు చెయ్యి ఎత్తి ఆపాడు. చెప్పడం మొదలుపెట్టాడు. సగం నత్తి, సగం ఆయాసం. ఈసారి మాష్టారు ఆగారు. మాట పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చున్నారు.

"మీ... మీరు చె... చెప్పకపోతే నే... నేనే చెప్పేవోణ్ణి సార్. అ... అప్పుడదే చె... చెప్పబోయినా. నా నో... నోరు తిరిగేలోపు జీ... జీపెళ్ళిపోయేది."

ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుని నవ్వారు. మాష్టారి నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. కండువా నోటికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. అంకమ్మరావు ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఉంచాడు. తర్వాత బస్సు వేళైంది.

వానలు పడ్డాక సామ్రాజ్యం మళ్ళీ వచ్చింది. ఒక్కతే వచ్చింది. అంకమ్మరావు పోయాడని ఆమె చెప్పకముందే మాష్టారికి అర్థమైంది. ఆమెని కూర్చోమన్నారు. నా మీద కూర్చుని ఆమె అంది.

"అయ్యోరూ, ఆ రోజు చేసి చూపిచ్చారే, ఇంకోసారి చూపిచ్చండి. అప్పుడు ఆయన దగ్గుతా ఉంటే ఆయన్నే చూస్తా ఉండిపోయినా. ఆయన ఆటని చూళ్ళేదు."

మాష్టారు కర్ర పక్కన పెట్టారు. నేల తడిగా ఉంది. పంచె పాడవుతుందని కూడా చూసుకోలేదు. గీత గీశారు, వంగారు, వెళ్ళారు. చీలమండ దగ్గర పట్టుకున్నారని కాలు ఈడ్చి చూపించారు. మోకాళ్ళ మీద పడ్డారు, మోచేతుల మీదికి వచ్చారు. ఆమె ముందుకు వంగి, రెప్ప వేయకుండా చూసింది. ఆయన చెయ్యి గీత మీదికి చాపి, బురదలో అట్లాగే ఆగిపోయారు.

"గీత దాటాడా?" అని అడిగింది ఆమె.

"దాటాడమ్మా. వేళ్ళు అవతల పడ్డాయి. కళ్ళారా చూశాను."

"అయితే గెలిచినట్టే గదా అయ్యోరూ?"

రూలు ఏమిటో, ఏ మాట చెల్లుతుందో, ఏ మాట చెల్లదో ఆమెకి వివరంగా చెప్పవచ్చు. ఆమె ఓపిగ్గా వింటుంది కూడా. ఆయన మెల్లగా లేచి, చేతుల మట్టి దులుపుకున్నారు.

"గెలిచాడు తల్లీ" అన్నారు.

ఆమె తల ఊపింది. కొంగుతో ముఖం తుడుచుకుని, వెళ్ళొస్తానని చెప్పి రోడ్డు మీదికి నడిచింది. పరంధామయ్యగారు గీత పక్కన నిలబడి తప్పుడు తీర్పు ఇవ్వడం నేను చూసింది అదొక్కసారే. అప్పుడు అక్కడ ఉన్నది నేనొక్కదాన్నే. నేనేమీ అభ్యంతరం చెప్పలేదు.